అమ్మ కంటికి ఒక్క పూట, ఆయన కంటికి ఏడాది

అమ్మ కంట్లో శుక్లం వచ్చిందని మాకు ముందు చెప్పింది డాక్టరు కాదు, మిరపకాయలు. కల్లంలో తాలుకాయలు ఏరుతూ మంచి ఎర్రకాయల్ని కూడా తాలు గుట్టలోకి విసిరేస్తోంది. అడిగితే అప్పుడు బయటపెట్టింది, "ఏడాది నుంచి మసక మసగ్గా ఉంటంది నాన్నా" అని.

మాది పెదకాకాని. శంకర కంటి ఆసుపత్రి మా ఊళ్లోనే, హైవే పక్కన. గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చి ఆపరేషన్ చేయించుకుని వెళ్లేవాళ్లని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం. మా ఊళ్లో శుక్లం ఆపరేషన్ అంటే పెద్ద విషయమేం కాదు. అమ్మని పొద్దున తీసుకెళ్లాం, సాయంత్రానికి నల్ల కళ్లజోడుతో ఇంటికొచ్చింది. రాగానే పక్కింటి పిన్నితో, "నీ చీర రంగు ఇదా? నేను వేరే అనుకుంటన్నానే" అంది.

ఆ రోజు నేను వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకున్నా. నిజానికి అది వర్క్ ఫ్రమ్ ఆసుపత్రి వరండా. స్టాండప్ కాల్ అయిపోయాక ఫోన్‌లో "క్యాటరాక్ట్ సర్జరీ తర్వాత జాగ్రత్తలు" అని వెతుకుతుంటే సంబంధం లేని పాత వార్త ఒకటి వచ్చింది. వరవరరావుకి శుక్లం ఆపరేషన్ కోసం హైదరాబాద్ వెళ్లడానికి బాంబే హైకోర్టు అనుమతి.

అమ్మ లోపల ఉన్నంతసేపూ ఆ వార్త వెనకే పడ్డాను. ఆయన ముందు ప్రత్యేక కోర్టుని అడిగారు. 2022 సెప్టెంబర్‌లో కాదన్నారు. హైకోర్టుకి వెళ్లారు. 2023 నవంబర్ చివర్లో అనుమతి వచ్చింది, అదీ ఒక్క వారానికి. అమ్మకి ఒక్క పూట పట్టిన పనికి ఆయనకి ఏడాది పైన పట్టింది. ఆపరేషన్‌కి కాదు, ఆపరేషన్‌కి వెళ్లొచ్చా అని అడగడానికి.

మీలో చాలామందికి ఆయన పేరు తెలిసే ఉంటుంది, కనీసం టీవీ డిబేట్లలోనైనా. ఆయన రాజకీయాల గురించి ఇక్కడ మాట్లాడబోవట్లేదు. నాకు ఆ రాజకీయాలతో పెద్దగా పరిచయం లేదు, తెలిసినంతలో ఒప్పుకోలేనివి కూడా ఉన్నాయి. నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న. జైలు నుంచి బయటికొచ్చిన మనిషి నిజంగా ఎంత బయటికొస్తాడు?

వాట్సాప్‌లో హాజరు

వరవరరావు 1940లో వరంగల్ దగ్గర చిన్న పెండ్యాలలో పుట్టారు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పారు. 1973 నుంచి అరెస్టులు మొదలయ్యాయి. అప్పటి సికింద్రాబాద్ కుట్ర కేసు 1974లో మొదలై 1989లో కొట్టేసేదాకా నడిచింది. అంటే కేసు పెట్టినప్పుడు పుట్టిన పిల్లాడు టెన్త్ రాసే వయసొచ్చేసరికి "వీళ్లు నిర్దోషులు" అని తేలింది.

ఇప్పటి కేసు భీమా కోరేగావ్‌ది. 2018 ఆగస్టు 28న హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. ఉపా చట్టం కింద కేసు కాబట్టి బెయిల్ దొరకడం మహా కష్టం. 2020లో జైల్లో కరోనా వచ్చింది, ఆసుపత్రుల చుట్టూ తిప్పారు. చివరికి 2021 ఫిబ్రవరి 22న బాంబే హైకోర్టు ఆరోగ్యం చూసి ఆరు నెలల బెయిలిచ్చింది. దాన్ని పొడిగిస్తూ వచ్చాక 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు గడువు లేని బెయిలుగా మార్చింది.

ఆ మొదటి బెయిల్ షరతులు ఒకసారి చూడండి. ముంబైలోనే ఉండాలి. కేసు గురించి మీడియాతో మాట్లాడకూడదు. ఇంటికి జనం గుమిగూడకూడదు. పదిహేను రోజులకోసారి దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వాట్సాప్ వీడియో కాల్ చేసి హాజరు వేయించుకోవాలి.

ఆ చివరిది చదివినప్పుడు ముందు నవ్వొచ్చింది. మనం కూడా రోజూ వీడియో కాల్‌లో హాజరు వేయించుకునేవాళ్లమే కదా. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎనభై ఏళ్ల మనిషి, నెట్‌వర్క్ సరిగ్గా దొరక్కపోతే ఏమవుతుందో అని ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడటం ఊహించుకుంటే. మన కాల్ కట్ అయితే మేనేజర్ "యూ ఆర్ ఆన్ మ్యూట్" అంటాడు. ఆయన కాల్ కట్ అయితే బెయిల్ షరతు తప్పినట్టు.

ఇక ముంబైలోనే ఉండాలన్న షరతు. పైకి చూస్తే పెద్ద నగరంలో హాయిగా ఉండమన్నట్టే ఉంటుంది. కానీ ఆయన ఇల్లు హైదరాబాద్‌లో, పిల్లలు ఇక్కడ, రిటైర్డ్ లెక్చరర్‌గా వైద్యం సదుపాయాలు ఇక్కడ, మాట్లాడే భాష ఇక్కడ. అక్కడ పెన్షన్ డబ్బుల్తో ముంబై అద్దె కట్టాలి. ముంబైలో అద్దె ఇల్లు వెతికిన ఫ్రెండ్స్ మీకూ ఉంటారు, వాళ్లని అడగండి. "మీ పేరేంటి, ఏం చేస్తుంటారు" అని ఓనర్ అడిగినప్పుడు ఈయన ఏం చెప్పాలి?

తిరిగి హైదరాబాద్ వెళ్లి ఉండే వీలు కల్పించమని అడుగుతూనే ఉన్నారు. 2025 సెప్టెంబర్‌లో కూడా సుప్రీంకోర్టు ఆ షరతు మార్చడానికి ఒప్పుకోలేదు. అసలు కేసు విచారణ పూర్తి కాలేదు. నేరం చేశాడని ఎవరూ తేల్చలేదు. శిక్ష మాత్రం ఒక ఊరి సైజులో నడుస్తూనే ఉంది.

ఏడు నెలల స్వేచ్ఛ

సరే, ఆయన మీద కేసు ఇంకా ఉంది కాబట్టి షరతులు అంటారు. కేసు మొత్తం పోయినవాళ్ల సంగతేంటి?

జి.ఎన్. సాయిబాబాది అమలాపురం. ఐదేళ్లకే పోలియో, రెండు కాళ్లూ పడిపోయాయి. వీల్‌చెయిర్ కూడా పెద్దయ్యాకే. అంతకుముందు నేల మీద చేతులతో పాకుతూ వెళ్లేవారు. అక్కడి నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తర్వాత ఢిల్లీలో రామ్‌లాల్ ఆనంద్ కాలేజీలో ఇంగ్లిష్ ప్రొఫెసర్. 2014 మే 9న యూనివర్సిటీ పరీక్షల పని నుంచి ఇంటికొస్తుంటే దారిలో అరెస్టు చేశారు. మావోయిస్టులతో సంబంధాలున్నాయని ఆరోపణ. మధ్యలో బెయిల్ రావడం పోవడం జరిగింది. 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. నాగపూర్ జైల్లో అండా సెల్.

2022 మేలో ఆయన నిరాహార దీక్షకి దిగారు. కారణం ఏంటో తెలుసా? సెల్ ముందు సీసీటీవీ కెమెరా పెట్టారు. స్నానం, టాయిలెట్ అన్నీ కనపడేలా, ఇరవై నాలుగు గంటలూ. సాయం లేకుండా కదల్లేని మనిషి ఎక్కడికి పారిపోతాడని పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2022 అక్టోబర్ 14న బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి ఆయన్ని వదిలేయమంది. మర్నాడు శనివారం. సెలవు రోజు సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పుని ఆపింది. ఆయన జైలు గేటు దాకా కూడా రాలేదు. కేసు మళ్లీ మొదటి నుంచి విన్నారు. 2024 మార్చి 5న హైకోర్టు మళ్లీ నిర్దోషి అంది. ఈసారి సాక్ష్యాల లోపలికి కూడా వెళ్లింది. ఇంటర్నెట్‌లో దొరికే కమ్యూనిస్టు సాహిత్యం డౌన్‌లోడ్ చేసుకున్నంత మాత్రాన నేరం అవదని చెప్పింది. కంప్యూటర్ సాక్ష్యాల్ని ప్రాసిక్యూషన్ సరిగ్గా రుజువు చెయ్యలేకపోయిందని కూడా.

2024 మార్చి 7న బయటికొచ్చారు. శిక్ష పడిన రోజుకి సరిగ్గా ఏడేళ్లు.

మర్నాడు ఢిల్లీలో ఆయన మాట్లాడిన వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, చూడండి. కేసు గురించి, లాయర్ల గురించి మాట్లాడినంతసేపూ గొంతు గట్టిగానే ఉంటుంది. వాళ్లమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. కొడుకు చదువుకోవాలని ఆమె చంకనేసుకుని బడికి తీసుకెళ్లేదట. 2020 ఆగస్టు 1న ఆమె క్యాన్సర్‌తో హైదరాబాద్‌లో చనిపోయింది. చివరిచూపుకి పెరోల్ అడిగారు, ఇవ్వలేదు. తర్వాత కర్మకాండలకి అడిగారు, అదీ ఇవ్వలేదు. నాలుగేళ్ల తర్వాత "మీరు నిర్దోషి" అన్నారు. ఆ పెరోల్ ఏ తీర్పుతో వెనక్కొస్తుంది?

బయటికొచ్చాక ఆయన కోరుకున్నది ఏమంత పెద్దది కాదు. మళ్లీ పాఠం చెప్పాలి. చిన్నప్పటి నుంచీ తనకి తెలిసిన బతుకు అదొక్కటే అన్నారు. కాలేజీ వాళ్లు 2014లోనే సస్పెండ్ చేశారు, 2021 మార్చి 31న ఉద్యోగం తీసేశారు. నిర్దోషి అని తీర్పు వచ్చాక కూడా ఆ క్లాసురూమ్ తలుపు తెరుచుకోలేదు. జైలుకెళ్లేటప్పుడు పోలియో ఒక్కటే ఉన్న మనిషి గుండె జబ్బు, పనిచెయ్యని ఎడమ చెయ్యి, ఇంకా పేర్లు పలకలేని జబ్బులతో వచ్చారు. ఆ నెలల్లో చాలా భాగం ఆసుపత్రులకే పోయింది. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ తర్వాత ఇబ్బందులొచ్చి 2024 అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయారు. 57 ఏళ్లు. కళ్లు ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రికి, శరీరం గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.

బయట ఉన్నది ఏడు నెలల ఐదు రోజులు.

ఆయనతోపాటు అదే కేసులో శిక్షపడిన పాండు నరోటే అనే ఆదివాసీ యువకుడికి అది కూడా దక్కలేదు. 2022 ఆగస్టులో జైల్లో ఉండగానే చనిపోయాడు. నిర్దోషి అన్న మాట ఆయన చనిపోయాక వచ్చింది. ఆ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

బాబాయ్ ఫోన్

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నా, కానీ అసలు విషయం అక్కడే ఉంది.

అక్టోబర్ 12 దసరా. మా ఫ్యామిలీ గ్రూప్ నిండా జమ్మి చెట్టు ఫొటోలు, ఆయుధపూజ చేసిన ట్రాక్టర్ ఫొటోలు. రాత్రి సాయిబాబా చనిపోయారన్న వార్త వచ్చింది. లింకు గ్రూప్‌లో పెట్టాను. కింద ఒక్క వాక్యం రాశాను, "పాపం, బయటికొచ్చి ఏడు నెలలే" అని.

రెండు నిమిషాల్లో బాబాయ్ ఫోన్. బాబాయ్‌కి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. మామూలుగా ఆ టైంకి టిక్కీల లెక్క చూసుకుంటుంటాడు, ఫోన్ ఎత్తడు కూడా.

"ఒరేయ్ అబ్బాయ్, అది తీసెయ్."

"ఏమైంది బాబాయ్? అన్ని పేపర్లలో వచ్చిందేగా. కోర్టే నిర్దోషి అంది."

"కోర్టు అంది, నేను కాదన్నానా? నువ్వు వీసాకి వెళ్లాలా వద్దా? మీ చెల్లికి సంబంధాలు చూస్తన్నాం. గ్రూప్‌లో ఎవరెవరున్నారో నీకు తెలుసా?"

బాబాయ్ భయస్తుడేం కాదు. తర్వాత ఒకసారి తీరిగ్గా కూర్చున్నప్పుడు చెప్పాడు. వయసులో ఉండగా మిరప కొనడానికి పల్నాడు పల్లెలు తిరిగేవాడట. రాత్రి ఒకళ్లు వచ్చి అన్నం పెట్టమంటారు, పొద్దున ఇంకొకళ్లు వచ్చి ఎందుకు పెట్టావంటారు. రెండువైపులా మనుషులు పోయిన ఊళ్లవి. "ఎవరింట్లో కాఫీ తాగినా రెండోవాళ్లకి సమాధానం చెప్పుకోవాలిరా. అప్పటి నుంచి నాకొకటే అలవాటు, పేర్లెత్తను" అన్నాడు.

ఆ రాత్రి నేనేం చేశానో చెప్తా. డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టాను. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఏ పోలీసూ రాలేదు. నన్నెవరూ చూడట్లేదు కూడా, నేనంత ముఖ్యమైన మనిషినేం కాదు. అయినా కొట్టాను. "ఈ మెసేజ్ డిలీట్ చేయబడింది" అన్న బూడిద రంగు గీత ఒకటి జమ్మి ఫొటోల మధ్య మిగిలిపోయింది. అందరూ ఏం పెట్టాడో, ఎందుకు తీశాడో అని ఆలోచించి ఉంటారు.

బయటికొచ్చిన ఖైదీ మీద నిఘా అంటే ఆయన ఇంటి ముందు మఫ్టీలో ఒక కానిస్టేబుల్ అనుకునేవాణ్ని. అది చిన్న భాగం. పెద్ద భాగం నాలాంటివాళ్ల బొటనవేలి దగ్గర ఉంది. ఆయనకి ఇల్లు అద్దెకివ్వనివాళ్లు, ఉద్యోగమివ్వనివాళ్లు, పెళ్లికి పిలవనివాళ్లు, చనిపోయాక "పాపం" అన్న మాట కూడా వెనక్కి తీసుకునేవాళ్లు. వీళ్లలో ఎవరికీ జీతం ఇవ్వక్కర్లేదు.

ఈ నేల మీద పాత రిజిస్టర్లు

ఇదేం కొత్త కాదు. మా ప్రాంతంలోనైతే అసలు కొత్త కాదు.

బాపట్ల దగ్గర స్టూవర్టుపురం గురించి సినిమాలు చూసే ఉంటారు. సినిమాలు చెప్పని సంగతి ఏంటంటే, అది బ్రిటిష్ వాళ్లు 1913 ప్రాంతంలో ఎరుకల కుటుంబాల్ని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్. నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే పేరు రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాస్ కావాలి. నేరం ఎవరైనా చేశారా లేదా అన్నదాంతో పనే లేదు. 1952లో ఆ చట్టం పోయింది. పేరు మాత్రం పోలేదు. బాపట్లలో ఇంజనీరింగ్ చదివిన నా ఫ్రెండ్ ఒకడికి క్లాస్‌మేట్ ఊరు స్టూవర్టుపురం అని తెలిస్తే హాస్టల్లో వాళ్లు పెట్టెలకి తాళాలేసుకున్నారట. చట్టం పోయి అరవై ఏళ్లు దాటాక.

ఇదే గుంటూరులో ఇంకో రకం జైలు కథ కూడా ఉంది. పలనాడు పుల్లరి ఉద్యమంలో ఉన్నవ లక్ష్మీనారాయణని జైల్లో పెట్టారు. ఆయన వేలూరు జైల్లోనే "మాలపల్లి" రాశారు. సర్కారు ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఆ తర్వాత ఆయన గుంటూరులో శారదానికేతనం పేరుతో ఆడపిల్లల చదువు పని చూసుకున్నారు. నిఘా ఆయన మీదా ఉండే ఉంటుంది, బ్రిటిష్ వాళ్లేం తక్కువవాళ్లు కాదు. కానీ ఊరు ఆయన్ని చూసి పక్కకి తప్పుకోలేదు. పిల్లల్ని బడికి పంపింది. జైలుకెళ్లొచ్చిన మాస్టారి దగ్గరికి కూతుర్ని చదువుకి పంపడం! ఇవాళ మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో అలాంటి మాస్టారి గురించి ఏం రాస్తారో ఊహించడానికి పెద్ద కష్టపడక్కర్లేదు.

చట్టం సంగతికొస్తే, ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద దోపిడీ కేసు సాక్ష్యాల్లేక పోయింది. అయినా పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. అర్ధరాత్రి తలుపు కొట్టి ఉన్నాడా లేడా చూసేవాళ్లు, పక్క ఊరెళ్తే రాసుకునేవాళ్లు. ఆయన సుప్రీంకోర్టుకెక్కారు. 1962లో కోర్టు, రాత్రిపూట తలుపు కొట్టడం తప్పు, మిగతాదంతా చేసుకోవచ్చు, ప్రైవసీ అన్న హక్కేదీ రాజ్యాంగంలో లేదు అంది. ఆ మాటని సరిదిద్దడానికి 2017 దాకా పట్టింది. తొమ్మిది మంది జడ్జిలు కూర్చుని పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. ఆ తీర్పు మనకి ఆధార్ కేసుగా గుర్తు. కానీ దాని వెనక అర్ధరాత్రి తలుపు చప్పుడు విన్న ఒక మనిషి ఉన్నాడు.

లొకేషన్ షేర్ చెయ్

ఇప్పుడు తలుపు కొట్టాల్సిన పని లేదు. ఇది నా ఫీల్డ్ కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడతా, ఓపిక పట్టండి.

ఢిల్లీలో ఒక డ్రగ్స్ కేసు. రాజకీయ కేసు కాదు గానీ మన విషయానికి పనికొస్తుంది. నిందితుడు నైజీరియా దేశస్థుడు. గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి అది దర్యాప్తు అధికారికి కనపడేలా ఉంచాలని బెయిల్ షరతు పెట్టారు. సుప్రీంకోర్టుకి వెళ్తే, జడ్జిలు ముందు గూగుల్‌నే అడిగారు, ఈ పిన్ అసలు ఎలా పనిచేస్తుందయ్యా అని. పిన్ పెట్టినంత మాత్రాన మనిషిని వెంటాడటం కుదరదని గూగుల్ చెప్పింది. అంటే ఆ షరతు రాసినవాళ్లకి ఆ ఫీచర్ ఏంటో తెలీదు! 2024 జూలై 8న కోర్టు ఆ షరతు కొట్టేసింది. బెయిల్ మీదున్న మనిషి ప్రతి కదలికా పోలీసులకి తెలిసేలా ఉంచడం, అతని ప్రైవేటు బతుకులోకి తొంగిచూడటం కుదరదంది.

అప్పటికే 2023లో జమ్మూ కాశ్మీర్ పోలీసులు ఉపా కేసులో బెయిలొచ్చిన ఒకాయన కాలికి జీపీఎస్ పట్టీ కట్టారు. దేశంలో అదే మొదటిసారి. అది గూగుల్ పిన్‌లా ఉత్తుత్తిది కాదు. నిజంగానే పనిచేస్తుంది.

వరవరరావు కేసుకే తిరిగి వస్తే, నాలాంటివాడికి నిద్ర పట్టనివ్వని విషయం ఒకటుంది. అదే కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్‌ని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ పరీక్షించింది. ఎవరో మాల్‌వేర్‌తో దాదాపు 22 నెలలు ఆ మెషీన్‌లో తిష్టవేసి, దాచిన ఫోల్డర్‌లో ఫైళ్లు పెట్టారని 2021లో రిపోర్టిచ్చింది. దర్యాప్తు సంస్థ దీన్ని ఒప్పుకోలేదు. విచారణలో తేలాల్సిన విషయం. 2022 జూన్‌లో "వైర్డ్" పత్రిక ఇంకోటి రాసింది. వరవరరావుతో సహా ముగ్గురు నిందితుల ఈమెయిల్ అకౌంట్లలో రికవరీ ఈమెయిల్, ఫోన్ నెంబర్ కొత్తగా చేరాయని, అవి ఈ కేసుతో సంబంధమున్న పుణె పోలీసు అధికారి వైపు చూపిస్తున్నాయని.

రికవరీ ఈమెయిల్ అంటే తెలుసుగా. "పాస్‌వర్డ్ మర్చిపోయారా?" అంటే కోడ్ వెళ్లే చోటు. ఆ వార్త నిజమే అయితే, ఆయన జైల్లో ఉన్నా బయట ఉన్నా ఆయన ఇంటి తాళంచెవి ఇంకొకళ్ల జేబులో ఉన్నట్టే. జైలు నుంచి వచ్చిన మనిషి ఫోన్ కొనుక్కుంటాడు, మనవరాలికి మెసేజ్ పెడతాడు. ఆ మెసేజ్ ఎవరెవరు చదువుతున్నారో అన్న అనుమానం ఒకటి చాలు, "ఎలా ఉన్నావు" దాటి ఏమీ రాయరు.

"ఎప్పుడైనా అరెస్టయ్యారా?"

మన ఉద్యోగాల్లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారం నింపనివాళ్లు లేరు. నేను చేరిన ఒక కంపెనీ ఫారంలో "మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా?" అని ఉంది. శిక్ష పడిందా అని కాదు, నమోదైందా అని. అమెరికా వీసా ఫారంలోనైతే ఇంకా సూటిగా ఉంటుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, క్షమాభిక్ష వచ్చినా సరే చెప్పాలి. 2019 నుంచి ఐదేళ్ల సోషల్ మీడియా ఐడీలు కూడా రాయాలి. బాబాయ్ వీసా అని భయపడింది ఊరికే కాదు. ఆ గడుల్లో "అరెస్టయ్యాను, కానీ నేను చెయ్యలేదని కోర్టు చెప్పింది" అన్నదానికి అవును, కాదు తప్ప మూడో బటన్ ఉండదు.

హైదరాబాద్‌లో 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత ముస్లిం కుర్రాళ్లని పెద్ద సంఖ్యలో పట్టుకెళ్లారు. తర్వాత వాళ్లకి సంబంధం లేదని తేలింది. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కొందరికి మూడేసి లక్షలు, మరికొందరికి ఇరవై వేలు పరిహారం ఇచ్చింది. డబ్బుతోపాటు వాళ్ల చేతికి ఇంకో కాగితం ఇచ్చింది, క్యారెక్టర్ సర్టిఫికెట్. మనం స్కూల్ మారేటప్పుడు హెడ్మాస్టర్ ఇస్తాడే, అదే తరహా. ఈ అబ్బాయి మంచివాడు అని సర్కారు రాసిచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వు చెల్లదంది. చేతికొచ్చిన డబ్బు వెనక్కివ్వాలా అన్న కంగారు మొదలైంది.

తప్పుడు కేసుల్లో ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లకి పరిహారం కోసం ప్రత్యేక చట్టం కావాలని లా కమిషన్ 277వ నివేదికలో చెప్పింది. అది ఇచ్చింది 2018 ఆగస్టులో, వరవరరావుని అరెస్టు చేసిన నెలలోనే.

ఇక గూగుల్. నిర్దోషి అని తేలినా పేరు కొడితే అరెస్టు ఫొటోనే ముందొస్తుంది. తీర్పులో తన పేరు కనపడకుండా చెయ్యమని తమిళనాడులో ఒకాయన అడిగితే మద్రాస్ హైకోర్టు ఒకసారి కాదని, అప్పీల్లో 2024 ఫిబ్రవరిలో సరేనని అంది. జూలైలో సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చింది. తీర్పులు జనానికి కనపడాలన్న వాదనలోనూ న్యాయం ఉంది. నాకే రెండువైపులా లాగుతుంది. సాయిబాబా తీర్పు నెట్‌లో ఉండబట్టే కదా నేను చదవగలిగాను.

అమ్మ రెండో కంటికి డేట్ ఇచ్చారు. ఈసారి బాబాయ్ కూడా వచ్చాడు. అదే వరండా, అదే బెంచీ. నేను ఫోన్‌లో ఇది టైప్ చేస్తుంటే ఏంటని అడిగాడు. చదివి వినిపించమన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. తన ఫోన్ సంగతి వచ్చినప్పుడు మాత్రం చుట్టుపక్కల చూశాడు.

అంతా అయ్యాక అడిగాడు, "నా పేరు పెట్టలేదుగా?"

"లేదు బాబాయ్."

కాసేపు రోడ్డు మీద లారీలని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "ఆ అమలాపురం ఆయన తల్లి... కొడుకుని చంకనేసుకుని బడికి తీసుకెళ్లేదన్నావే. అది మాత్రం తియ్యబాక."

అంతలో నర్సు బయటికొచ్చి అమ్మ పేరు పిలిచింది.